టర్బో గొట్టాన్ని బతిమాలిన ఇల్లు

లంకలపాడులో గవర్రాజుగారి ఇంట్లో తెలివి ఎక్కువ. ఈ మాట ఊళ్ళోవాళ్ళు అనరు, గవర్రాజుగారే అంటారు. "మాకు సొంత ఆలోచనలుండవండీ. తెలిసినవాడు ఎలా చెబితే అలా చేస్తాం. అందుకే మా ఇంట్లో ఇంతవరకూ ఒక్క పొరపాటూ జరగలేదు" అని అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళకి చెబుతుంటారు. పక్కన భార్య మాణిక్యాంబ తలాడిస్తుంది. పెద్దకొడుకు ఏడుకొండలూ, చిన్నకొడుకు బుల్లియ్యా కూడా ఆడిస్తారు. తలలాడించడంలో ఆ ఇంటిని మించిన ఇల్లు జిల్లాలో లేదు.

పాపం దమయంతి. మూడు నెలల కిందటే ఏడుకొండల్ని కట్టుకుని ఆ ఇంటికొచ్చింది. ఆ రోజు పదకొండింటికి తణుకులో ఓ స్కూల్లో టీచరు ఉద్యోగానికి ఇంటర్వ్యూ. ఉద్యోగమొస్తే రోజులో సగం ఈ ఇంటి బయట గడపొచ్చు కదా అని ఆవిడ ఆశ. ఆ ఆశతోనే నెల రోజులుగా రాత్రీ పగలూ చదివింది.

తీరా ఆ పొద్దున ఏడుకొండలు పాలకేంద్రం దాకా వెళ్ళొచ్చేసరికి కారు ఆయాసపడుతోంది. టర్బో నుంచి ఇంజనుకి గాలి తీసుకెళ్ళే గొట్టం చిరిగిపోయింది. కొత్త గొట్టం డిక్కీలోనే ఉంది. పాతది ఊడితేగా.

"నేను బస్సులో పోతాను మామయ్యగారూ" అంది దమయంతి.

"కారున్న ఇంటి కోడలు బస్సెక్కితే నేను ఊళ్ళో తలెత్తుకు తిరగగలనా అమ్మా?" అన్నారు గవర్రాజుగారు. తొమ్మిదింటి బస్సు ఆయన పరువు మీదుగా వెళ్ళిపోయింది. తర్వాతది పన్నెండింటికి.

మెకానిక్కు మస్తాను అమలాపురంలో బంధువుల పెళ్ళిలో ఉన్నాడు. ఫోను చేశారు. "ముందు ఇంజను చల్లారాలండి. చెయ్యి పెట్టి చూడండి. కాలకపోతే మొదలెట్టండి" అన్నాడు.

ఎవరి చెయ్యో మస్తాను చెప్పలేదు. అంచేత మాణిక్యాంబ పెట్టింది. ఆవిడ ముప్ఫై ఏళ్ళుగా ఉడికే అన్నం గిన్నెను బట్ట పట్టుకోకుండా పొయ్యి మీంచి దించుతున్న మనిషి. "ఏం కాలట్లేదురా, గోరువెచ్చగా హాయిగా ఉంది" అంది. ఇంకేముంది, బుల్లియ్య రెండు చేతులా గొట్టం పట్టుకున్నాడు. వాడు పెట్టిన కేకకి పక్కింటి గేదె తాడు తెంపుకుంది.

"అమ్మకి కాలలేదుగా, నీకెందుకు కాలిందిరా?" అని గవర్రాజుగారు వాణ్ణే కోప్పడ్డారు.

అరగంట పోయాక మళ్ళీ ఫోను. పెళ్ళి మేళంలోంచి మస్తాను అరిచాడు. "బలవంతం చెయ్యకండి, ప్లాస్టిక్కు విరిగిపోద్ది. బతిమాలి తీసుకోవాలి దాన్ని."

అంతే. నలుగురూ బానెట్టు చుట్టూ చేరారు. మాణిక్యాంబ గొట్టానికి బొట్టు పెట్టింది. "నాయనా, మా కోడలికి ఇంటర్వ్యూ ఉంది, ఈ ఒక్కసారికీ ఊడిరా" అంది. "నీకేం లోటు చేశాం చెప్పు, ప్రతి నెలా కడుగుతున్నాంగా" అన్నాడు ఏడుకొండలు. బుల్లియ్య కాలిన చేతులు జోడించి ఏడ్చాడు కూడా. గవర్రాజుగారికి మాత్రం కోపమొచ్చింది. "ఇంతమంది పెద్దవాళ్ళు అడుగుతుంటే కదలదేం? దీనికి మర్యాద తెలీదు" అన్నారు.

"దానికి క్లిప్పు ఉంటుందేమో చూడండి" అంది దమయంతి.

"నువ్వు మెకానిక్కువా?" అన్నాడు మొగుడు.

మళ్ళీ మస్తానుకే ఫోను. "లోపలికి గట్టిగా తోసి, అప్పుడు బయటికి లాగండి. దానంతటదే వచ్చేస్తది" అని పెట్టేశాడు. భోజనాల పంక్తి లేచిపోతోందట.

ఇంకేముంది, నలుగురూ కలిసి కారును ఇంటి లోపలికి గట్టిగా తోశారు. ముందు చక్రాలు వసారా ఎక్కాయి. ఎండబెట్టిన వడియాలు పోయాయి, గవర్రాజుగారి పడక్కుర్చీ పోయింది. ఆ తర్వాత గొట్టానికి గేదె తాడు కట్టి బయటికి లాగారు. గొట్టం రాలేదు, కారు వచ్చింది. "సగం పని అయినట్టే, ఏదో ఒకటి వచ్చిందిగా" అన్నారు గవర్రాజుగారు నుదురు తుడుచుకుంటూ.

గడియారం పది దాటింది. ఇక దమయంతికి ఒళ్ళు మండింది. అందరినీ పక్కకి జరగమంది. జడలోంచి పిన్ను తీసి, గొట్టం మెడలో ఉన్న తీగ క్లిప్పును పైకి లేపింది. గొట్టాన్ని ఓసారి లోపలికి నొక్కి, అటూ ఇటూ తిప్పి లాగింది. ఊడొచ్చింది. కొత్తది పెట్టి నొక్కితే టిక్కుమంది. రెండు నిమిషాల పని.

"చూశావా, మనం అంతసేపు బతిమాలితే ఇప్పటికి మెత్తబడింది" అంది మాణిక్యాంబ.

దమయంతి చీరంతా నూనె మరకలు. సర్టిఫికెట్ల ఫైలు మొగుడి చేతిలో పెట్టింది. "ఏవండీ, మీకు దణ్ణం పెడతాను. పదకొండింటికల్లా ఈ ఫైలు తణుకు స్కూల్లో ఉండాలి. ఒక్క నిమిషం కూడా ఆలస్యం కాకూడదు. కారు స్టార్టు చెయ్యండి" అని, చీర మార్చుకోవడానికి లోపలికి పరిగెత్తింది.

అయిదు నిమిషాల్లో బయటికొచ్చింది. వాకిట్లో కారు లేదు. మొగుడు లేడు, అత్త లేదు, మామ లేడు, మరిది లేడు. టర్బో బాగుపడిన కారు రేపిన దుమ్ము మాత్రం ఇంకా గాల్లో ఉంది. ఫోను చేస్తే ఎత్తరు. డ్రైవింగులో ఫోను ఎత్తకూడదని ఎవరో చెప్పారు కదా మరి.

వాకిట్లోనే చతికిలబడి మళ్ళీ మళ్ళీ చేసింది. పదకొండుంబావుకి గవర్రాజుగారు ఎత్తారు.

"ఎక్కడున్నావమ్మా నువ్వు? పది యాభైకే ఫైలు ఇక్కడ పెట్టేశాం. అందరూ ముక్కున వేలేసుకున్నారు, ఇంత బాధ్యత లేకపోతే ఎలా?"

"నన్ను వదిలేసి వెళ్ళిపోయారు మామయ్యగారూ" అంది దమయంతి. ఏడుపొచ్చేసింది.

"ఏడవకు, ఏడవకు. నీ పేరు పిలిచారు. ఎవరో ఒకరు పలకకపోతే ఏం బావుంటుంది? మీ అత్తయ్యని పంపించాం. లోపలికెళ్ళి పావుగంటైంది. బాగానే చెబుతున్నట్టుంది, లోపల ఒకటే నవ్వులు."