ఓబులమ్మ సాలు

అనగనగా అంటే ఎప్పుడో అనుకునేరు, అంతకన్నా చాలా ముందు. రెండు రాజ్యాల మధ్య ఒక అడవి. ఇటు రాజుకు ఇటు కొంచెం, అటు రాజుకు అటు కొంచెం, నడిమధ్యంతా ఎలుగుబంట్లది. ఆ అడవి అంచున ఇటు రాజు కట్టించిన మట్టికోట ఒకటుండేది. ఎర్రగుట్ట కోట అనేవాళ్ళు. చుట్టూ మనుషులుంటేనే గదా కోటకు బలం! అందుకని రాజు దండోరా వేయించాడు. "ఎవరు ఎంత అడవి కొడితే అంత పొలం వాళ్ళదే!"

ఇంకేముంది, జనం వచ్చారు. ఏటిగట్ల నుంచి కొందరు, కరువు సీమ నుంచి కొందరు, ఎక్కడి నుంచి వచ్చారో చెప్పనివాళ్ళు కొందరు. మొత్తం నలభై ఇళ్ళు. చెట్లు కొట్టారు, మొద్దులు పెరికారు, రాళ్ళు ఏరారు. కోట కరణం తిప్పరుసయ్య ఒక్కో పొలమూ కొలిచి, నాలుగు హద్దులూ తాటాకు మీద గంటంతో రాశాడు. ఆ కవిలెలు కట్టలు కట్టి కోటగదిలో వాసానికి వేలాడదీశాడు.

ఆ గది ఊడ్చి అలికే మనిషి ఓబులమ్మ. ఆ నలభై ఇళ్ళూ గాక ఆమె మొగుడు కూడా గుట్టకింద ఒక చెక్క నేల బాగుచేశాడు పాపం. కొలతకు ముందే ఎలుగుబంటి మీదపడి పోయాడు. మనిషి లేని పొలం కొలిచే ఆనవాయితీ లేదు. కవిలెలో ఆ చెక్క బీడుగానే పడింది.

తాటాకుకు ఏడాదికోసారి నూనె పట్టించాలి, లేకుంటే పెళుసెక్కి విరిగిపోతుంది. ఏటా ఉగాది ముందు ఓబులమ్మ పసుపు కలిపిన నూనె పూసేది. అక్షరం చెడలేదు గదా అని కరణం ఆ ఆకు పైకి చదివేవాడు. ఆమె పూసేది, ఆయన చదివేవాడు. ఆమె పూసేది, ఆయన చదివేవాడు. ఇరవై ఏళ్ళు.

"ఏమే ఓబులమ్మా, వింటున్నావా?"

"పనంతా చేతులకే గదా సామీ, చెవులు ఖాళీయే!"

ఇట్లా ఉండగా అటు రాజు దండెత్తి వస్తున్నాడని కబురొచ్చింది. కవిలెలు ఎక్కడ దాచాలి? పెద్దరైతు బాలిరెడ్డి తేల్చేశాడు. "జొన్నల పాతరలో దాచండి. నేలలో పూడ్చిన జొన్నలే మూడేళ్ళు చెడవు, ఆకు చెడుతుందా?"

"ఆకుకు గాలి కావాల రెడ్డీ. జొన్నల ఆవిరికి ఉడికిపోతాది" అంది ఓబులమ్మ.

"అలికేదానివి అలుకు. కవిలెల సంగతి నీకెందుకు?"

పాతరలోనే దాచారు. యుద్ధమైంది. కోట పడింది. కరణమూ పోయాడు. పొలాల లెక్క తేల్చడానికి అటు రాజు పంపిన అమీను గుర్రం దిగుతూనే అన్నాడు. "మూడు రోజుల్లో కవిలెలు చూపండి. లేదంటే పొలాలన్నీ మా గుర్రపు రౌతులకు పంచేస్తా."

పాతర తీశారు. జొన్నలు బంగారంలా ఉన్నాయి. కవిలెలు? నల్లటి ముద్ద! బాలిరెడ్డి ఆ ముద్ద ఒళ్ళో పెట్టుకుని పసిపిల్లాడిలా ఏడ్చాడు. మొదటి రోజు ఏడుపుతో పోయింది. రెండో రోజు ఒకరినొకరు తిట్టుకోవడంతో పోయింది. మూడో రోజు ఓబులమ్మ కొంగు దోపుకుని వెళ్ళి అమీను ముందు నిలబడింది.

"నేను చెప్తా, రాసుకో సామీ."

"నీకు చదువొచ్చా?"

"రాదు. ఇన్నాను."

అమీను పగలబడి నవ్వాడు. ఆమె మొదలుపెట్టింది. బాలిరెడ్డి పొలానికి తూర్పున వాగు, పడమట ఉసిరిచెట్టు, ఉత్తరాన గుండ్రాయి, దక్షిణాన బండ్లబాట... అట్లా నలభై పొలాలూ చెప్పింది. అమీను నవ్వు ఆగింది. "కింది నుంచి పైకి చెప్పు" అన్నాడు. చెప్పింది. "నడిమి నుంచి చెప్పు" అన్నాడు. అదీ చెప్పింది. ఒకరి తూర్పు హద్దు, పక్కవాడి పడమటి హద్దు, గోడకు గోడ ఆనినట్టు ఆనాయి.

"సరే, ఇప్పుడు రాస్తాను, మళ్ళీ చెప్పు" అన్నాడు అమీను.

గుట్టకింద చెక్క దగ్గరికి వచ్చేసరికి ఓబులమ్మ గుట్ట వైపు తిరిగి చూసింది. మొగుడు ఆ చెక్కలో ఏరి పోసిన రాళ్ళకుప్ప కళ్ళ ముందు కనబడింది. వెనక నుంచి బాలిరెడ్డి గుసగుసలాడాడు. "నీ పేరు చెప్పుకోవే పిచ్చిదానా! ఎవరు చూడొచ్చారు?"

"కరణం చదవని ముక్క ఒక్కటి నేను కలిపితే, మిగతా నలభై ఎవరు నమ్ముతారు రెడ్డీ?" అని ఆమె అమీను వైపు తిరిగింది. "బీడు సామీ. రాసుకో. బీడు."

నలభై పొలాలు నలభై ఇళ్ళకే దక్కాయి. గుట్టకింద బీడు మాత్రం ఒక రౌతుకు పోయింది.

ఆ ఏడు విత్తనం వేసే రోజు బాలిరెడ్డి గొర్రు తోలి, విత్తనాల మొదటి వరుస, అదే మొదటి సాలు, పడగానే ఎద్దుల్ని ఆపాడు. "ఈ సాలు ఓబులమ్మది" అని కేకేశాడు.

"నాకెందుకు రెడ్డీ?" అందామె.

"నోరు మూసుకో!" అన్నాడు. ఆ నోటివల్లే పొలం మిగిలినవాడు అనే మాటేనా చెప్పండి!

పక్క పొలంలోనూ ఒక సాలు, ఆ పక్క పొలంలోనూ ఒక సాలు. నలభై ఇళ్ళ నుంచీ గింజలొచ్చాయి. ఓబులమ్మ బతికినన్నాళ్ళు ఆ గింజే తింది.

ఆమె పోయి ఎన్ని తరాలో లెక్కలేదు. కోట కరిగి గుట్టలో కలిసిపోయింది. ఆ పల్లెల్లో ఇప్పటికీ మొదటి సాలు గింజ ఇంటికి తేరు. ఇల్లు లేనివాళ్ళు, దారినపోయేవాళ్ళు, ఎవరైనా కోసుకోవచ్చు. అడిగితే మాత్రం రైతుకు కోపమొస్తుంది.

"నన్నడుగుతావేందప్పా? అది నాదా ఏమన్నా!"