మార్తమ్మ మూడు సెకన్లు

ఏసుపాదం కంప్యూటరు మూడు రోజులుగా మొరాయిస్తోంది. మొరాయించక మొరాయించక వాళ్ళమ్మ వీడియో దగ్గరే మొరాయించింది. మార్తమ్మ పోయి వారమైంది. రేపు మధ్యాహ్నం చర్చిలో ఆమె జ్ఞాపకార్థం ఆదరణ కూడిక. అక్కడ తెర కట్టి చూపించాలి.

కనిగిరిలో పెళ్ళి వీడియోలు తీసే ఏసుపాదం పూలు చల్లని పెళ్ళికూతురు లేదు, అన్నీ కంప్యూటరు పూలే అయినా. పన్నెండేళ్ళుగా మాటల్లేని అన్నదమ్ములను వీడియోలో ఒకే తామరపువ్వులోంచి పైకి లేపిన ఘనుడు. అలాంటివాడికి కన్నతల్లి దగ్గరికి వచ్చేసరికి ఎడిటింగ్ టైమ్‌లైన్ మీద గీత అంగుళం జరగడం లేదు. బొమ్మ ఒకచోట బిగుసుకుపోయి, ఎగిరి ఇంకోచోట పడుతోంది.

వాడు చేయని వైద్యం లేదు. ర్యామ్ పెంచాడు. పాత ఫైళ్ళు చెరిపాడు. పెద్ద క్లిప్పులకు బదులు చిన్న నకళ్ళు పెట్టి చూశాడు. చివరికి బింకం వదిలి, తనకు పని నేర్పిన దస్తగిరి సాయిబును పిలుచుకొచ్చాడు.

సాయిబు స్టూడియో మూసి నాలుగేళ్ళయింది. ఊళ్ళో ఎవరి పెళ్ళి ఫోటోలో ఎవరు కళ్ళు మూశారో, ఎవరూ అడక్కపోయినా చెబుతుంటాడు.

"గ్రాఫిక్ కార్డు మార్చమంటారా గురువుగారూ?"

"ఇందులో మీ అమ్మ ఎక్కడుంది?"

ఏసుపాదం చూపించాడు. మార్తమ్మ పెళ్ళిళ్ళలో వంటవాళ్ళ దగ్గర అంట్లు తోమేది. పదేళ్ళపాటు కొడుకు మంటపం ముందు కెమెరాతో, తల్లి హాలు వెనక గిన్నెలతో. ఊరందరినీ తీసినవాడు ఆమెను ఒక్కసారీ తీయలేదు. ఇప్పుడు పాత డిస్కులన్నీ గాలిస్తే, రైసుమిల్లు వాళ్ళ పెళ్ళిలో ఆమె కనబడే మూడు సెకన్లు దొరికాయి.

ఆ మూడు సెకన్లను ముప్పై సెకన్లకు సాగదీశాడు. దాని మీద పూలు, పూల మీద వెలుగు, వెలుగు మీద పావురాలు, అన్నిటికీ మీద పాట. మొత్తం పద్నాలుగు వరసలు.

"బరువెక్కువైంది," అన్నాడు సాయిబు.

"ముక్కూమొహం తెలియనివాళ్ళకే పావురాలు ఎగరేశానండీ. అమ్మకి ఆ మాత్రం చెయ్యొద్దా?"

సాయిబు కుర్చీ లాక్కుని మౌసు అందుకున్నాడు. పావురాల వరస ముందున్న కన్ను గుర్తు నొక్కాడు. పావురాలు పోయాయి. వెలుగు ఆర్పాడు. పూలు తీశాడు. ఒక్కో వరసా పోయేకొద్దీ గీత కొంచెం కొంచెం కదలసాగింది. సాగదీసినదాన్ని మామూలు చేశాడు. పాట ఆపాడు.

అట్టడుగున క్లిప్పు అసలు శబ్దం ఉంది. దాన్ని ముందే ఎవరో మూగ చేశారు. మౌసు బాణం అక్కడికి వెళ్ళింది.

"అది వద్దు గురువుగారూ."

"ఏముంది అందులో?"

"ఏం లేదండీ."

"లేకపోతే మంచిదేగా," అని సాయిబు నొక్కాడు.

బొమ్మ ఎక్కడా ఆగకుండా ఆడింది. సన్నాయి మోగుతోంది. నీళ్ళ గ్లాసుల పళ్ళెంతో మార్తమ్మ పెళ్ళికొడుకు పక్కగా వచ్చింది. కెమెరా పట్టుకున్నది ఎవరో చూసి, నవ్వబోయింది.

"ఎవరండీ ఆమె? పక్కకి పంపండి." కెమెరా వెనక నుంచి ఏసుపాదం గొంతు.

నవ్వు సగంలో ఉండగానే మార్తమ్మ తప్పుకుంది.



"ఆ పెళ్ళివారికి ఆమె మా అమ్మ అని తెలియదండీ," అన్నాడు ఏసుపాదం. "తెలియకూడదనే అలా అన్నాను."

"ఇంటికొచ్చాక ఏమంది?"

"అన్నం తిన్నావా అంది."

సాయిబు మళ్ళీ ఒకసారి ఆడించాడు. ఏసుపాదం మౌసు తన వైపు లాక్కున్నాడు. నవ్వు మొదలయ్యే చోట గీతను ఆపి, అక్కడి నుంచి వేగం తగ్గించబోయాడు. 

మౌసు పట్టుకున్న వాడి చేతి మీద సాయిబు చెయ్యి వేశాడు.

"నెమ్మది చెయ్యకు అబ్బాయా. ఆమె అంత తొందరగానే తప్పుకుంది."

ఏసుపాదం చెయ్యి తీసేశాడు. శబ్దాన్ని మళ్ళీ మూగ చెయ్యలేదు.