సగం వేసిన జడ

ఉప్పలదిన్నెలో పెంచలయ్య అనే ఒకాయన ఉండేవాడు. ఏ పనిలోనైనా అక్క రమణమ్మకంటే తనే ముందుండాలని ఆయన పంతం.

భూమి అప్పుడప్పుడూ కదిలే ఊరది. అక్కాతమ్ముళ్లిద్దరూ పక్కపక్కనే మేడలు మొదలుపెట్టారు. ఇంజనీరు జిలానీ ఇద్దరికీ ఒకటే ప్లాను ఇచ్చాడు. పిల్లర్ల కొసల్లో, బీములు కలిసేచోట, నిలువు ఊచల చుట్టూ ఇనప రింగులు దగ్గరదగ్గరగా కట్టి, వాటి కొనలు లోపలికి వంచాలని మరీమరీ చెప్పాడు.

"చిన్న కుదుపొస్తే ఇంటికి గీత కూడా పడదు. ఒక మాదిరిదొస్తే గోడలు బీటలిస్తాయి, బాగుచేసుకోవచ్చు. పెద్దదొస్తే ఇల్లు పాడవుతుంది, కానీ కూలదు. లోపలివాళ్లు నడిచి బయటికొస్తారు" అన్నాడు.

పెంచలయ్యకి ఒళ్లు మండింది. కట్టకముందే పాడవుతుందంటాడేమిటీ అపశకునపు మనిషి! పైగా ఆ రింగులు కట్టడానికి బోలెడు రోజులు పడతాయి. కాంక్రీటు పోశాక లోపల ఏముందో ఎవరికి కనబడుతుందని, వాటిని దూరందూరంగా వేయించి, అక్కకంటే ముందే గృహప్రవేశం చేసేశాడు. రమణమ్మ మాత్రం జిలానీ చెప్పినట్టే రింగులన్నీ కట్టించి, ఆ తర్వాతే తన ఇంట్లో చేరింది.

ఆ ఏడే భూమి కాస్త కదిలింది. రెండిళ్లకీ ఏమీ కాలేదు. ఇక చూడాలి ఆయన సంబరం! అక్క కనబడినప్పుడల్లా "నీ రింగులన్నీ దండగేగా" అని ఎగతాళి చేసేవాడు. రమణమ్మ నవ్వి ఊరుకునేది. తల్లిలేని మేనకోడలికి, పెంచలయ్య కూతురు చెంచుకి, రోజూ జడ వేసేది ఆవిడే మరి.

ఒక ఆదివారం పొద్దున పెంచలయ్య వీధి చివర టీ తాగుతుండగా నేల గట్టిగా ఊగింది. గ్లాసు జారిపోయింది. అక్క ఇంటి గోడలు నిలువునా పగిలాయి, సన్‌షేడు విరిగి పడింది. ఇల్లు మాత్రం నిలబడే ఉంది. ఆయన ఇంటి పిల్లర్లు పైకొసల దగ్గర పటపటా చిట్లాయి. చూస్తుండగానే మేడంతా నేలమీద చతికిలబడింది.

సెలవు రోజు కదా, పిల్ల ఇంకా నిద్రపోతూ ఉంటుంది! అయ్యో, నా బిడ్డని నేనే చంపుకున్నానని గుండెలు బాదుకుంటూ పెంచలయ్య పరిగెత్తాడు. వట్టి చేతులతో పెళ్లలు లాగాడు. గోళ్లు ఊడుతున్నా ఆయనకి తెలియలేదు.

"నాన్నా!"

వెనక్కి తిరిగాడు. పగిలిన ఇంట్లోంచి రమణమ్మ చెంచు చెయ్యి పట్టుకుని నడిచొస్తోంది. పిల్ల జడ సగమే వేసి ఉంది. పెంచలయ్య అక్క కాళ్లమీద పడిపోయాడు.

"లేవరా," అంది రమణమ్మ. "ఇళ్లు పోయాయి, పిల్ల ఉంది."

చిన్న కుదుపుకి నిలిచామని మురిసిపోకూడదు. కంటికి కనబడనిచోట కూడా నిజాయితీగా చేసిన పనే పెద్ద ఆపదలో ప్రాణాలు కాపాడుతుంది.