ఏడుపు నేర్పిన ఒక్కొడి తల్లి

“కూలితల్లుల బిడ్డలను చూసే ఈ పసిపిల్లల గదిలో ఆయాను మార్చం. అమ్మవారి మీద ఆన.” పోయిన ఉగాదినాడు ఆలయ కమిటీ అధ్యక్షులు ఈ మంటపంలో నిలబడి చెప్పిన మాట ఇది. తరువాత నాలుగు నెలల్లో నలుగురు ఆయాలు మారారు. పిల్లలు చిక్కిపోతున్నారు. ఎందుకో తెలియాలంటే ఈ క్షేత్రం కథ వినాలి.

కొటారుపాలెం ఉప్పు మడుల గట్టున ఒక్కొడి తల్లి, అంటే ఒక్క ఒడి తల్లి, గుడి ఉంది. అమ్మవారికి ఆయుధం లేదు, వాహనం లేదు. ముడిచిన మోకాళ్లు, వాటి మధ్య బిడ్డ పట్టేంత గుంట, అంతే.

పూర్వం ఇక్కడ ఏడు గడపల ఉప్పుకూలీలు ఉండేవారు. ఉప్పెనలో తల్లిదండ్రులు పోయిన ఆరు నెలల పిల్ల వారికి దక్కింది. “అందరి బిడ్డ” అన్నారు. ఏ ఇంటికీ భారం కాకూడదని రోజుకొక ఇంట వంతు వేసుకున్నారు. సమానత్వమంటే ఇదే కదా అనిపిస్తుంది. పాలకు లోటు లేదు. అయినా నెల తిరిగేసరికి పిల్ల ఏడుపు మానేసింది. “ఎంత బుద్ధిమంతురాలో!” అని అందరూ మురిశారు. ఆపైన ఉగ్గుగిన్నె చూస్తే మొహం తిప్పుకోసాగింది. ఎముకలు తేలాయి.

ఆ ఏడిళ్లలో ఒకదాని పంచన ఉన్నా, పిల్లలు కననిదని వంతు ఇవ్వకుండా వదిలేసిన వితంతువు పెంటమ్మకు అమ్మవారు కలలో కనిపించింది. ఉప్పునీట కాళ్లు పెట్టుకుని, పనిచేసి అలసిన మనిషిలా కూర్చుంది. “ఏడు ఒడులెందుకు? ఏడిస్తే వచ్చేదెవరో దానికి తెలియొద్దా?” అంది.

పెంటమ్మ కల చెప్పి అడిగితే, ఎలాగూ దక్కదనుకున్న పిల్లను పెద్దలు ఆమెకు ఇచ్చేశారు. చిన్న మూలుగు వినిపించినా ఆమే వెళ్లింది. తొమ్మిదోనాడు ఆమె మడిలోకి దిగగానే గట్టు మీద పిల్ల గుక్కపట్టింది.

“ఏటే పెంటా, పసిదాన్నలా ఏడిపిత్తన్నావు?” అంది పక్క మడిలోని కూలామె.

“ఏడవనీ అప్పా! ఇన్నాళ్లకి నన్ను పిలుత్తంది.”

ఎత్తుకోగానే ఊరుకుంది. ఆ పూట గిన్నెడు పాలూ తాగింది. పెంటమ్మ ఆ బిడ్డను ఒళ్లో పెట్టుకుని కూర్చున్న చోటే అమ్మవారు వెలసింది.

నేటికీ తల్లులు మడుల్లోకి దిగేముందు బిడ్డను అమ్మవారి ఒడిలో ఉంచుతారు. అక్కడినుంచి ఎత్తుకున్న స్త్రీయే, తల్లి పనిలో ఉన్నంతసేపూ, ఆ బిడ్డ నడిచేదాకా సాకాలి. అలా పెరిగిన బిడ్డకు జన్మలో బెదురుండదని నమ్మకం.

ఈ గదిలో ఆయాగా ఉన్న గవరమ్మ పదకొండుమందిని అలా ఎత్తుకుంది. ఉగాది దాటగానే కమిటీ ఆమెను గుడి వంటశాలకు మార్చి, ఈ గది గోడ మీద ‘నేటి బాలలే రేపటి పౌరులు’ అని రంగులతో రాయించింది. ఏడు నెలల కనకం అప్పటినుంచి పాలు సరిగా ముట్టడం లేదు. అడిగి అడిగి తల్లులు అలసిపోయారు. కమిటీ వారూ, గవరమ్మను ఈ గదికి పంపుతారా, పంపరా? ఆగస్టు పన్నెండులోగా చెప్పండి.