కంచె దాటిన పెళ్ళివారు

పట్టణాల ప్లాన్లు గీయడంలో పండిపోయిన పరాంకుశం మాస్టారు, శిష్యులు ఏమడిగినా ముందు చెప్పులు వేసుకునేవారు. జవాబు ఎప్పుడూ గది బయటే దొరుకుతుందని ఆయన నమ్మకం.

ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న హిమజ ఒకనాడు అడిగింది. “మాస్టారూ, ఈ కొత్త నగరంలో పార్కులు పెట్టాం, ఫుట్‌పాత్‌లు వేశాం, నడక ఆరోగ్యానికి మంచిదని బోర్డులు కూడా పెట్టాం. అయినా పాల ప్యాకెట్‌కి సైతం కారు తీస్తున్నారు. వీళ్ళని నడిపించడం ఎలా?”

“ఆదివారం మా పక్కింటి నాంచారమ్మగారి మనవడి పెళ్ళి. నువ్వూ రా” అన్నారాయన.

పెళ్ళికొడుకు వాళ్ళ అపార్ట్‌మెంట్లు పెద్ద రోడ్డుకి ఇటు, పెళ్ళికూతురు వాళ్ళవి అటు. పెళ్ళి జరిగేది వాళ్ళ ఆవరణలోనే. ఇటు గేటు దగ్గర నిలబడితే పందిరికి కట్టిన మామిడాకులు కనబడుతున్నాయి. మధ్యలో మాత్రం ఎనిమిది వరుసల రోడ్డు, దాని నడుమ నిలువెత్తు ఇనుప కంచె. అవతలికి చేరాలంటే ఫ్లైఓవర్ దాకా వెళ్ళి తిరిగి రావాలి.

ఆ పొద్దున ఫ్లైఓవర్ మీద లారీ ఆగిపోయింది. పూలు కట్టిన పెళ్ళికారు ఇలా రోడ్డెక్కి, అలా ఇరుక్కుపోయింది. ముందుకీ లేదు, వెనక్కీ లేదు. అటునుంచి పురోహితుడు ఫోన్ మీద ఫోన్, లగ్నం దగ్గరపడుతోందని. లోపల పెళ్ళికొడుక్కి పట్టిన చెమటకి బుగ్గచుక్క మెడ దాకా జారింది.

నాంచారమ్మగారు కారు తలుపు తీసుకుని దిగేశారు. పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, ఆగిన బళ్ళ మధ్యనుంచి తిన్నగా కంచె దగ్గరికి నడిచారు. మొక్కలకి నీళ్ళు పోసేవాళ్ళ కోసం అందులో ఒక చిన్న గేటుంది. ఆవిడ దాని గడియ మీద చెయ్యి వెయ్యగానే కానిస్టేబుల్ అమ్మాయి పరుగెత్తుకొచ్చింది.

“ఇక్కడ దాటకూడదు మామ్మగారూ!”

“అదుగో మా వియ్యాలవారి పందిరి. కళ్ళెదుట ఉన్న ఇంటికి ఊరంతా తిరిగి వెళ్ళాలా తల్లీ? నువ్వే చెప్పు.”

ఆ అమ్మాయి పందిరి వైపు చూసింది. వెనకాలే దిగొచ్చిన పెళ్ళికొడుకు మెడ మీది చుక్కని చూసి నవ్వాపుకోలేకపోయింది. విజిల్ ఊది, చెయ్యెత్తి, అవతలి వైపు వచ్చే బళ్ళని ఆపింది.

అంతే, డోలు మోగింది. కార్లలోంచి ఒక్కొక్కరే దిగారు, వాళ్ళతోపాటు మాస్టారూ, హిమజా. ఎవరో హిమజ చేతిలో పళ్ళెం పెట్టి “పట్టుకో అమ్మా” అన్నారు. అవతలినుంచి ఇది చూసిన పెళ్ళికూతురి తండ్రి వీరభద్రంగారు, గుమ్మంలో ఎదురుకోలుకి ఉంచిన పానకం బిందె భుజానికెత్తుకుని రోడ్డు మీదకే వచ్చేశారు. రెండు పక్షాలూ కంచె దగ్గర కలుసుకున్నాయి. పానకం ముందు పెళ్ళికొడుక్కి, తరవాత కానిస్టేబుల్‌కి, ఆ తరవాత ఆగిన బస్సు డ్రైవర్‌కి కూడా అందింది. సన్నాయి విని మేడల మీదివాళ్ళంతా కిందికి దిగొచ్చారు.

“కనకాంబరాలకి రోజూ నీళ్ళు పోసేది మీరేనా? రోడ్డుకి ఇవతల మా బాల్కనీలోంచి చూస్తుంటాను!”

“మా కింద రెండంతస్తుల్లో రాగాలు తీసేది మీరా అయితే!” అంటున్నారు పక్కన ఇంకెవరో.

లగ్నానికి అందుకున్నారు. తాళి కట్టడం అయిపోయింది, కానీ నడక ఆగలేదు. నాంచారమ్మగారు కళ్ళజోడు మరిచిపోయానని ఇంటికి వెళ్ళి, తిరిగి వచ్చేశారు. కనకాంబరాలావిడ కొత్త స్నేహితురాలిని వెంటబెట్టుకుని తన మొక్కలు చూపించడానికి బయల్దేరింది. పదిమంది పోగైనప్పుడల్లా కానిస్టేబుల్ విజిల్ ఊదుతూనే ఉంది.

తలలో అక్షింతలతో హిమజ ఆ చిన్న గేటునే చూస్తూ నిలబడింది. “మాస్టారూ, వీళ్ళకి నడవమని ఎవరూ చెప్పలేదు” అంది.

పరాంకుశం మాస్టారు నవ్వారు. “ఇన్నాళ్ళూ వద్దని చెప్పిందెవరో రేపు మన ప్లాన్లు ముందేసుకుని చూద్దాం. ఇప్పటికి పద, పంక్తికి పిలుస్తున్నారు.”