నున్నటి భయం

చట్టం విషయంలో నేను సున్నా. దొంగతనానికీ దోపిడీకీ తేడా ఈ కథ విన్నాకే తెలిసింది.

వెనకటికో రాజ్యంలో చాటుగా తీసుకుంటే దొంగతనం, కొరడాదెబ్బలు. ప్రాణభయం పెట్టి తీసుకుంటే దోపిడీ, చెయ్యి నరికేవారు.

ఒకరోజు కొత్వాలుకు గడ్డం గీస్తూ క్షురకుడు చెంచయ్య అతని శాలువా అడిగితే, కొత్వాలు హుషారులో ఇచ్చేశాడు. ఇంట్లో చీవాట్లు పడగానే న్యాయాధికారి దగ్గరకు పరుగెత్తాడు.

"మెడమీద కత్తిపెట్టి అడిగాడండీ! ప్రాణభయంతో ఇచ్చాను."

"నిజమేనా?" అన్నాడు న్యాయాధికారి, చెంచయ్యను పిలిపించి.

"కత్తి మెడమీదున్న మాట నిజమే బాబయ్యా," అన్నాడు చెంచయ్య. "అప్పటికి ఎడమ చెంపే అయింది. అంత భయపడ్డ దొరగారు శాలువా ఇచ్చాక పారిపోకుండా, కుడి చెంప కూడా నా కత్తికే ఎందుకు అప్పగించారో అడగండి."

న్యాయాధికారి కొత్వాలు కుడి చెంప నిమిరాడు.

"ఇంత నున్నగా గీయించుకున్న ప్రాణభయాన్ని నేనెక్కడా చూడలేదు. శాలువా చెంచయ్యదే!"