బూడిద గీత దాటలేని నత్తలు

ఒకప్పుడు నత్త వీపు మీద ఏమీ ఉండేది కాదు.

ఇల్లు ఉండేది. మన ఇళ్లలాగే అదీ ఒకచోటే ఉండేది. గోడ పక్కన, రాయి కింద, తడి నేలలో గుండ్రంగా ఉండేది. నత్త తన పిల్లల్ని అందులో పడుకోబెట్టి, నోటి జిగురుతో తలుపు మూసి మేతకి వెళ్లేది. ఆ జిగురు ఎండితే గట్టి తలుపు. మళ్లీ తడి తగిలితేనే తెరుచుకుంటుంది. చీమలు దూరకుండా అలా పెట్టుకుంది.

అప్పట్లో నత్త నడక కూడా చురుకే. మోసే బరువేమీ లేదు కదా. దారిలో గొంగళిపురుగు కనిపిస్తే దాన్ని దాటిపోయి, వెనక్కి తిరిగి నవ్వేది.

ఒక కొండ కింద ఊళ్లో పోలమ్మ ఉండేది. ఆమెకి ముగ్గురు పిల్లలు. ఆ ఏడు చిరుధాన్యాలు పండలేదు. ఇంటి వెనక వంగనారు పోసింది. ఆ నారు బతికితేనే తోట. తోట కాస్తేనే పిల్లల కంచాల్లోకి ఏదైనా వచ్చేది.

తొలకరి పడింది. నారు మొలిచింది. ఆ మర్నాటి నుంచే, పొద్దున లేచి చూస్తే రోజూ కొన్ని మొక్కలకి ఆకులు లేవు. కాడలు మాత్రం నిలబడి ఉన్నాయి.

"ఏ ముండ తింటోందే నా నారు!" అని ఒకరోజు సాయంత్రం పోలమ్మ తల కొట్టుకుంది.

ఆమె అత్త గుమ్మంలో కూర్చుని చెప్పింది. "నత్తలే కోడలా. పొయ్యిలో బూడిద తీసి మడి చుట్టూ గీత పొయ్యి. దాన్ని అవి దాటలేవు. ముందు ఆకులు ఎత్తి..."

పోలమ్మ అప్పటికే చేటతో బూడిద ఎత్తుకుని వెళ్లిపోయింది. మళ్లీ మబ్బు పట్టకముందే పోసెయ్యాలని ఆమె తొందర.

రోజూ వాకిట్లో ముగ్గు వేసే చెయ్యి అది. పిడికిట్లోంచి బూడిద సన్నగా జారుతూంటే మడి చుట్టూ తిరిగింది. ఎక్కడా వెంట్రుకంత సందు వదల్లేదు. చేట దులుపుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆకుల కింద చూడలేదు.

ఆకుల కింద అప్పటికే మేతకొచ్చిన ఇద్దరు అక్కచెల్లెళ్లు ఉన్నారు. పెద్ద నత్త, చిన్న నత్త.

తెల్లారకముందే పెద్ద నత్త, "పద చెల్లీ, పిల్లలు లేస్తారు" అంది.

"ఇంకొక్క మొక్క అక్కా. ఎంత లేతగా ఉందో చూడు. పొద్దస్తమానం ఇంటికే అతుక్కుపోతావేమే?" అంది చిన్న నత్త.

పెద్ద నత్త కూడా ఒక ఆకు కొరికింది. ఆ తర్వాత ఇంకొకటి కొరికింది.

తీరా బయల్దేరేసరికి ఎదురుగా బూడిద.

చిన్న నత్త ముందుకి పోయింది. తగలగానే గిలగిల్లాడి వెనక్కొచ్చింది. ఒంట్లో తడి ఆ చోట పీల్చుకుపోయింది.

"మమ్మల్ని వదులు" అంది పెద్ద నత్త బూడిదతో. "నువ్వు బయటివాళ్లని ఆపడానికి కదా ఉన్నావు. మేం బయటికే పోతున్నాం."

"లోపలా బయటా నాకు తెలీదమ్మా" అంది బూడిద. "తడి ఏదైనా నన్ను తాకితే పీల్చేస్తాను. నేను పుట్టిందే నిప్పులో."

ఎండొచ్చింది. పోలమ్మ కూడా వచ్చింది. ఆకుల మధ్య నత్తల్ని చూసి నడుం మీద చెయ్యి వేసుకుంది.

"దొరికారా! బాగుందా విందు?"

"అమ్మా, కొంచెం గీత చెరుపు. గోడ పక్కన రాయి కింద మా పిల్లలున్నారు. తలుపు మూసి వచ్చాం."

"ఓహో! నత్తకి ఇల్లు, ఇంటికి తలుపూనా! నా నారు నమిలేటప్పుడు గుర్తు రాలేదా పిల్లలు?"

"పోనీ గీత చెరపొద్దు. ఆ రాయి ఎత్తి ఇన్ని నీళ్లు చల్లు. తలుపు తెరుచుకుంటుంది. వాళ్లే బయటికొస్తారు."

"నా ముగ్గురికి నీళ్లు మొయ్యడానికే ఓపిక లేదు. నీ పిల్లలకి కూడానా? వాళ్లు బయటికొచ్చి మిగిలిన నారు తినడానికా?"

పోలమ్మ వెళ్లిపోయింది. ఆమె మాటలో తప్పు లేదు. నత్త మాటలోనూ తప్పు లేదు.

మర్నాడు ఎండ ఇంకా ముదిరింది.

"సూర్యుడా, ఆ రాయి మీద కాయకు. పిల్లలున్నారు" అంది పెద్ద నత్త.

"నాకు చూసి కాయడం రాదు. కాస్తాను, అంతే" అన్నాడు సూర్యుడు. రాయి పెనంలా కాలింది.

గీత అవతల ఒక చీమ పోతోంది. చిన్న నత్త అరిచింది. "ఓ చీమా! మా ఇంటికి పోయి తలుపు కొట్టవే. అమ్మలు వస్తున్నారని చెప్పు."

చీమ ఆగింది. "ఆ తలుపు పెట్టింది మా మొహం చూడకూడదనే కదా? ఇప్పుడు మమ్మల్నే కొట్టమంటావా?" అని తన దారిన పోయింది. కొంతసేపటికి మళ్లీ వచ్చింది. "కొట్టాను. లోపల చప్పుడుంది" అంది.

ఆ ఒక్క మాట పట్టుకుని ఇద్దరూ ఆ పూటంతా గడిపారు.

సాయంత్రం చిన్న నత్త, "ఇంకొక్క మొక్క అన్నది నేనే అక్కా" అంది.

"నేనూ తిన్నాను" అంది పెద్ద నత్త.

మూడోరోజు ఎండ బాగా ఎక్కాక పోలమ్మ మడి దగ్గరికి వచ్చింది. లోపలే ఉన్నాయి కదా, రెండురోజుల్లో మడంతా తినేసి ఉంటాయని తిట్టుకుంటూనే వచ్చింది.

వంగి చూసింది. నారు పచ్చగా ఉంది. కొత్త ఆకు ఒక్కటీ కొరికి లేదు. నత్తలు గీతకి ఆనుకుని, గోడ వైపు తల పెట్టి పడి ఉన్నాయి.

చుట్టూ అంత మేత ఉంది. ముట్టలేదు.

పోలమ్మకి కిందటేడు జ్ఞాపకం వచ్చింది. నడిపి పిల్లకి జ్వరం వచ్చిన మూడురోజులూ తన నోట్లో ముద్ద దిగలేదు.

"అయ్యో నా తల్లీ! నిజమేనా?" అంది.

అరచేత్తో బూడిద చెరిపేసింది. గబగబా గోడ దగ్గరికి పరిగెత్తి రాయి ఎత్తింది. వేళ్లు కాలాయి. చెంబుడు నీళ్లు తెచ్చి, కింద పక్కపక్కనే ఉన్న అక్కచెల్లెళ్ల రెండిళ్ల మీదా పోసింది.

నత్తలు వచ్చాయి. నత్తలు చురుగ్గా నడిచింది అదే ఆఖరిసారి.

తలుపులు మెత్తబడి తెరుచుకున్నాయి. లోపలి నుంచి ఎవరూ రాలేదు.

పోలమ్మ ఇంకో చెంబు పోసింది. ఇంకొకటి పోసింది.

"చాలమ్మా" అంది పెద్ద నత్త.

"నమ్మలేదే నేను" అంది పోలమ్మ. పిల్లలు పిలుస్తున్నా లేవకుండా అక్కడే కూర్చుండిపోయింది.

చిన్న నత్త తన ఇంటి గుమ్మం దాకా పోయింది. లోపలికి చూడలేకపోయింది. వెనక్కి తిరిగి, ఉత్త ఒంటితోనే తడి ఆకుల్లోకి వెళ్లిపోయింది. ఆ ఇంటి వైపు మళ్లీ రాలేదు.

పెద్ద నత్త తన ఇంటి కిందకి దూరింది. బలమంతా పెట్టి దాన్ని వీపు మీదకి ఎత్తుకుంది.

"ఖాళీ ఇల్లు మోసుకుని ఏం చేస్తావే?" అంది పోలమ్మ.

"ఇంక దీన్ని వదిలి ఎక్కడికీ పోను" అంది నత్త. బరువుకి ఒళ్లు వంగింది. నేలని పట్టుకుని, ఒక్కొక్క వేలెడు దూరమే జరుగుతూ వెళ్లింది.

పోలమ్మ మళ్లీ గీత పోసింది. పోయక తప్పదు, పిల్లలున్నారు. ఈసారి ముందు ఆకు ఆకూ ఎత్తి చూసింది. లోపలున్న నత్తలన్నిటినీ చేటలోకి ఏరి, వాగు అవతల గడ్డిలో వదిలి వచ్చాకే బూడిద పట్టింది. ఆ ఊరి ఆడవాళ్లు ఇప్పటికీ అలాగే చేస్తారు.

చిన్న నత్తకి ఆ తర్వాత పుట్టిన పిల్లలు, వాళ్ల పిల్లలు వీపు మీద ఏమీ లేకుండానే తిరుగుతారు. పెద్ద నత్తకి ఆ తర్వాత పుట్టిన పిల్లలు, వాళ్ల పిల్లలు మాత్రం పుట్టడమే ఇంటితో పుడతారు. ఎంత బరువైనా దించరు.

అప్పటినుంచే, ఎవరు వేలితో తాకినా సరే, నత్త గబుక్కున ఇంట్లోకి పోతుంది. పిల్లలు ఉన్నారేమోనని చూసుకుంటుంది. చాలాసేపు చూసుకుని, మెల్లగా బయటికొస్తుంది.